పట్టికలో చివరి వరుస

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర మా అక్కవాళ్లకు రెండు రొయ్యల గుంటలున్నాయి. పోయిన వేసవి పంటలో ఒక గుంట అరవై రోజులు దాటినా ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయింది. వంద కౌంటుకు, అంటే కిలోకు వంద తూగేలా, రావాల్సిన రొయ్య రెండొందల దగ్గరే ఆగింది. "తింటా ఉండాయి, ఎదగతా మాత్రం లేవు" అని బావ ఫోన్లో చెప్పాడు. ఆ ఆదివారం కావలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను.

గట్టు మీద నిలబడి బావ చెక్ ట్రే పైకి లాగాడు. పది పన్నెండు రొయ్యలు. ఒకటి చూపుడు వేలంత ఉంటే దాని పక్కది అందులో సగం కూడా లేదు. రెండు వేళ్ల మధ్య ఒకదాన్ని పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూపించాడు. వీపు పొడుగునా నల్లగా కనపడాల్సిన పేగు తెల్లగా, అక్కడక్కడా తెగినట్టు ఉంది. గాలి తోసే మూలన నీళ్ల మీద తెల్లటి దారప్పోగుల్లాంటివి తేలుతున్నాయి. అది రొయ్యల రెట్ట. జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ముందు రోజే ల్యాబు నుంచి వచ్చిన పీసీఆర్ రిపోర్టు. తెల్లమచ్చ వైరస్ నెగెటివ్. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పాజిటివ్.

ఆ కాగితం రాకముందు మూడు వారాలుగా ఆయన మేతలో ఆక్సీటెట్రాసైక్లిన్ అనే టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ కలిపి వేస్తున్నాడు. పేగు తెల్లబడిందంటే బాక్టీరియానే అని మందుల షాపులో చెప్పారట. బిల్లు నలభై వేలు దాటింది.

"బావా, ఈహెచ్‌పీ బాక్టీరియా కాదు. దానికి కేంద్రకం ఉంది. ఈ మందు దానికి తగలదు" అన్నాను.

"కేంద్రకం సంగతి నాకు తెలీదా? నేనూ బైపీసీ చదివినోణ్ణే గదా" అని బావ అక్కడే అందుకున్నాడు. "కేంద్రక పూర్వ కణంలో స్పష్టమైన కేంద్రకం ఉండదు, నిజకేంద్రక కణంలో ఉంటుంది. దాంట్లో మైటోకాండ్రియా ఉండవు, దీంట్లో ఉంటాయి. దాంట్లో రైబోసోములు 70ఎస్ రకం, దీంట్లో 80ఎస్ రకం." ఇరవై రెండేళ్ల కిందటి చదువు. ఒక్క ముక్క పోలేదు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆ పట్టికను పదిహేడేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. ఎడమవైపు కేంద్రక పూర్వ కణం (బాక్టీరియా లాంటిది), కుడివైపు నిజకేంద్రక కణం (మనలాంటిది), నడుమ నిలువు గీత. పరిమాణం, కేంద్రకం, డీఎన్‌ఏ, కణాంగాలు, కణ విభజన అని దిగుతూ దిగుతూ చివరికి, ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములు. పిల్లలు స్కేలు పెట్టి గీతలు కొట్టి, బట్టీ పట్టి, మార్కులన్నీ తెచ్చుకుంటారు. బావ కూడా తెచ్చుకునే ఉంటాడు. అంత బాగా గుర్తున్న చదువు గుంట గట్టు మీద ఆయనకు ఎందుకు అక్కరకు రాలేదన్నది అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం అన్నిటికన్నా చివర పడేసే ఆ రైబోసోముల వరుసనే ముందు చెప్పాలి. ఈ రెండు రకాల కణాల తేడా మనిషి బతుకును తాకేది అక్కడ. అక్కడి నుంచి మొదలుపెడితే మిగతా వరుసలు వాటంతటవే అర్థమవుతాయి. ఈ మాట అనడం తేలికే. కానీ రాయడానికి కూర్చుని ఆలోచిస్తుంటే నా వాదనకే రెండు మూడు గట్టి దెబ్బలు తగిలాయి. అవి కూడా చెబుతాను.

ముప్పై, యాభై కలిస్తే డెబ్బై ఎలా?

ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. బాక్టీరియా రైబోసోములో చిన్న ముక్క 30ఎస్, పెద్ద ముక్క 50ఎస్, రెండూ కలిస్తే 70ఎస్. పోయినేడు అడిగిన అమ్మాయి లేచి నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టి మరీ అడిగింది. "మేడమ్, 80 కావాలి కదా?"

ఎస్ అంటే స్వెడ్‌బెర్గ్, స్వీడన్ శాస్త్రవేత్త పేరు. గొట్టంలో పోసి విపరీతమైన వేగంతో గిర్రున తిప్పినప్పుడు ఏ రేణువు ఎంత త్వరగా అడుక్కు దిగుతుందో చెప్పే కొలత అది. బరువుతో పాటు ఆకారాన్ని బట్టి కూడా ఆ వేగం మారుతుంది. రెండు ముక్కలు అతుక్కుంటే బరువులు కలుస్తాయి గానీ వేగాలు కలవవు. మన కణాల్లోనూ అంతే, 40, 60 కలిసి 80 అవుతుంది.

ఈ జవాబు చెప్పి ముందుకు పోవడం నాకు అలవాటు. ఆ అమ్మాయి కూర్చోలేదు. "సరే మేడమ్, అది 70 అయితే ఏంటి, 80 అయితే ఏంటి?" అంది. ఇంతలో బెల్లు కొట్టారు. రేపు చెబుతానన్నాను. మర్నాడు కణ విభజన మొదలుపెట్టేశాను. గట్టు మీద బావ పట్టిక అప్పజెబుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ అమ్మాయే.

ఆమెకు చెప్పాల్సిన జవాబు ఇది. రైబోసోము కణంలో ప్రొటీన్లు తయారుచేసే మర. టెట్రాసైక్లిన్ బాక్టీరియా రైబోసోములోని 30ఎస్ ముక్కలో ఒక గాడిలో పోయి కూర్చుంటుంది. అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏకి అక్కడ చోటు దొరకదు. మర ఆగిపోతుంది, బాక్టీరియా పెరగదు. మన రైబోసోము కట్టుబడి వేరు కాబట్టి అదే మాత్ర మింగిన మనిషి మామూలుగా తిరుగుతాడు. మందు రోగిని వదిలి రోగక్రిమిని మాత్రమే పట్టుకోవాలంటే ఆ రెండు కణాల మధ్య ఎక్కడో ఒకచోట తేడా ఉండాలి. ఆ తేడాల చిట్టానే మన పట్టిక.

ఈ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ దాన్ని మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీశాడు. అప్పుడు అక్కడ పరిశోధనలకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు. మందు బాక్టీరియా రైబోసోములో సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో కంటికి కనపడటానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 2000లో వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం 30ఎస్ ముక్క నిర్మాణాన్ని పరమాణువుల దాకా తేల్చి, టెట్రాసైక్లిన్ కూర్చునే గాడిని కూడా చూపించింది. రైబోసోము మీద చేసిన పనికే 2009లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఆయన పేరు మా పిల్లలకు జీకే బిట్టుగా తెలుసు. ఆయన జీవితమంతా తవ్వింది తమ పట్టికలో చివరి వరుసనే అని తెలీదు. నేను చెప్పలేదు కాబట్టి తెలీదు.

ఇలా చదివితే మిగతా వరుసలకు కూడా ప్రాణం వస్తుంది. కణకవచం వరుస తీసుకోండి. రెండు గడుల్లోనూ "ఉంటుంది" అని రాస్తారు, కుడి గడిలో "మొక్కల్లో, శిలీంద్రాల్లో" అని చేరుస్తారు. అసలు సంగతి ఆ గోడ దేనితో కట్టిందన్నది. బాక్టీరియాది పెప్టిడోగ్లైకాన్, మొక్కది సెల్యులోజ్, శిలీంద్రానిది కైటిన్, మనకు గోడే లేదు. పెన్సిలిన్ ఆపేది పెప్టిడోగ్లైకాన్ కట్టుబడిని. అందుకే అది శిలీంద్రం తెచ్చే తామరకు పనిచేయదు, గొంతులో బాక్టీరియాకు పనిచేస్తుంది. ఈ ఒక్క మాట చెబితే ఆ వరుసను పిల్లలు బట్టీ పట్టక్కర్లేదు.

ఉండదు, ఉండదు, ఉండదు

పట్టికలో ఎడమ గడి చదువుకుంటూ పోతే లేమి తప్ప ఇంకేం కనపడదు. కేంద్రకం ఉండదు. మైటోకాండ్రియా ఉండవు. గాల్జీ ఉండదు. లైసోజోములు ఉండవు. పదహారేళ్ల పిల్ల ఇది చదివి బాక్టీరియాను సగంలో ఆపేసిన ఇల్లుగా ఊహించుకుంటుంది. "కేంద్రక పూర్వ" అనే పేరు కూడా ఆ ఊహనే బలపరుస్తుంది, ఇవాళో రేపో కేంద్రకం రాబోతున్నట్టు. మూడొందల కోట్ల ఏళ్లకు పైగా ఈ భూమ్మీద నిలదొక్కుకున్న జీవిని మనం అది చేయని పనులతో పరిచయం చేస్తున్నాం.

కేంద్రకం లేకపోవడం వల్ల దానికి చేతనైన పని ఒకటుంది. మన కణంలో డీఎన్‌ఏ నుంచి నకలు కేంద్రకంలో తయారై, కత్తిరింపులు జరిగి, బయటికి వచ్చాకే రైబోసోము చేతికి అందుతుంది. బాక్టీరియాలో మధ్య గోడ లేదు. నకలు ఇంకా సాగుతుండగానే దాని మొదటి కొసను రైబోసోములు పట్టుకుని ప్రొటీను మొదలుపెట్టేస్తాయి. ఒక పక్క పిండి రుబ్బుతుంటే రెండో పక్క దోసె పోస్తున్నట్టు. "కేంద్రకం ఉండదు" అనే బదులు ఇది చెబితే ఎంత బాగుంటుంది!

ఎడమ గడిలో "ఉంటాయి" అని రాసే వరుస ఒకటి ఉంది, ప్లాస్మిడ్‌లు, అంటే అసలు డీఎన్‌ఏకు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు. దాన్ని పిల్లలు తరచూ మర్చిపోతారు. మా జిల్లాలో అది మరవకూడని వరుస. వేసిన నెల లోపే సీడ్ (రొయ్య పిల్లలు) చచ్చిపోయే ఈఎంఎస్ జబ్బు గురించి రొయ్యల రైతులందరూ వినే ఉంటారు. దానికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియా అని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. ఆ జాతి ఉప్పునీళ్లలో మామూలుగానే ఉంటుంది. రొయ్య లివరును దెబ్బతీసే విషపు జన్యువులు ఒక ప్లాస్మిడ్ మీద ఉంటాయి, అది ఉన్న విబ్రియో చంపుతుంది, లేనిది ఊరుకుంటుంది. యాంటీబయాటిక్‌కు లొంగని గుణం కూడా చాలాసార్లు ఇలాంటి ప్లాస్మిడ్‌ల మీదే ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతుంది. బావ మూడు వారాలు వేసిన మందు ఈహెచ్‌పీని తాకలేదు గానీ, గుంటలో ఉన్న బాక్టీరియాలో మందుకు లొంగనివాటిని ఏరి మిగిల్చే పని చేసి ఉంటుంది. నాకు నలభై వేల కన్నా ఇదే ఎక్కువ బాధ.

పరిమాణం వరుస గురించి ఎక్కువ చెప్పను. 2022లో కరీబియన్ దీవుల మడ అడవుల్లో దొరికిన ఒక బాక్టీరియా దాదాపు సెంటీమీటరు పొడుగు ఉంది, కంటికి కనపడుతుంది. ఈహెచ్‌పీ స్పోరేమో (గట్టి గోడతో విత్తనంలా ఉండే దశ) కేంద్రకం ఉండి కూడా ఒక మైక్రోమీటరుకు అటూ ఇటూ. అది పేరుకే తేడా.

ఉప్పు కయ్యలో మూడో గడి

ఇప్పుడు నా వాదనకు తగిలిన మొదటి దెబ్బ.

ఒకసారి పిల్లల్ని ఇస్కపల్లి వైపు ఉప్పు కయ్యలకు తీసుకెళ్లాను. ఎండలు ముదిరి ఉప్పు గడ్డకట్టే రోజులు. కొన్ని కయ్యల్లో నీళ్లు లేత ఎరుపుకు తిరిగి ఉన్నాయి. సీసాలో పట్టుకొచ్చి కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టాం. గుండ్రటి కణాలు రెండు కశాభాలతో (కొరడాల్లాంటి తోకలతో) ఈదుతూ కనిపించాయి, అది డ్యునాలియెల్లా అనే శైవలం, కేంద్రకం ఉన్న జీవి. వాటి మధ్య నలకల్లాంటి సన్నటి కణాలు బోలెడు. ఆ ఎరుపులో వాటికీ వాటా ఉంది. ఒక పిల్లవాడు "అవి బాక్టీరియానా మేడమ్?" అంటే అవునన్నాను. తప్పు చెప్పాను. అంత ఉప్పులో ఆ రంగు తెచ్చేవి ఎక్కువగా ఆర్కియా అనే వేరే రకం సూక్ష్మజీవులు.

ఆర్కియాకు కేంద్రకం ఉండదు. పట్టిక ప్రకారం ఎడమ గడిలో కూర్చోవాలి. రైబోసోమూ 70ఎస్ రకమే. కానీ గోడలో పెప్టిడోగ్లైకాన్ లేదు, పెన్సిలిన్ ఏమీ చేయదు. బాక్టీరియా రైబోసోమును ఆపే స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్ లాంటివి చాలావరకు దాన్ని ఆపలేవు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోములోని ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను జీవి జీవికీ పోల్చి చూసినప్పుడే ఇవి వేరే వంశమని బయటపడింది. అంటే పట్టికలో రెండు గడులు చాలవని చెప్పింది మళ్లీ ఆ చివరి వరుసే. కొన్ని లెక్కల్లో ఆర్కియా మర భాగాలు బాక్టీరియా కన్నా మనకే దగ్గర. 2006లో నార్మన్ పేస్ అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో "ప్రోకారియోట్" (కేంద్రక పూర్వ జీవి) అనే మాటనే వదిలేయమన్నాడు, లేమిని బట్టి పెట్టిన పేరు వంశాన్ని చెప్పదని.

ఆ మాటతో చాలా రోజులు కొట్టుకున్నాను. ఇప్పటికి నా నిర్ణయం ఏమిటంటే, మాట ఉండొచ్చు. రుబ్బుతుండగానే దోసె పోసే పద్ధతి బాక్టీరియాకూ ఆర్కియాకూ ఇద్దరికీ ఉంది, అది ఉత్త లేమి కాదు. కాకపోతే ఆ మాటను ఒక జీవన విధానం పేరుగా చెప్పాలి, వంశం పేరుగా చెప్పకూడదు. ఎద్దుకూ ఏనుగుకూ నాలుగు కాళ్లున్నాయని రెండూ ఒకే జాతి అనం కదా.

ఈహెచ్‌పీయే అడ్డం తిరిగింది

రెండో దెబ్బ ఇంకా గట్టిది. బావకు బాగా వివరించి చెప్పాలని ఈహెచ్‌పీ గురించి కూర్చుని చదివాను. థాయ్‌లాండ్ టైగర్ రొయ్యల్లో కనిపించిన దీనికి 2009లో పేరు పెట్టారు.  ఇది మైక్రోస్పోరిడియా అనే గుంపులోది, శిలీంద్రాలకు దగ్గరి చుట్టం. స్పోరు లోపల చుట్ట చుట్టుకున్న సన్నటి గొట్టం ఉంటుంది. రొయ్య లివరు కణం దగ్గరికి చేరగానే అది బయటికి విసురుకుని, కణానికి సూది గుచ్చినట్టు తన సరుకంతా లోపలికి ఎక్కిస్తుంది.

అక్కడిదాకా సరే. తర్వాత చదివింది చూసి కాసేపు కదల్లేకపోయాను. మైక్రోస్పోరిడియాకు కేంద్రకం ఉంది, నికరంగా కుడి గడి జీవులు. కానీ వాటి రైబోసోములు అంటారూ, 70ఎస్! పరాన్నజీవిగా బతికీ బతికీ ఒక్కొక్క సామానే వదిలించుకుంటూ వచ్చి, రైబోసోమును కూడా కుదించుకున్నాయి. మామూలు మైటోకాండ్రియా కూడా లేవు, వాటి ఆనవాళ్లు మాత్రం మిగిలాయి. ఈహెచ్‌పీ అయితే చక్కెరను విరిచి శక్తి తీసుకునే దారి కూడా పోగొట్టుకుంది. రొయ్య కణం శక్తి కోసం తయారుచేసుకున్న ఏటీపీ అనే పదార్థాన్నే అది లాక్కుంటుంది. బావ అన్న మాటకు అర్థం అక్కడ దొరికింది. రొయ్య తింటుంది, తిన్నదాంట్లో వాటా లోపల కూర్చున్నదానికి పోతుంది, పైగా తిండిని అరిగించాల్సిన లివరు కణాలే పగిలిపోతుంటాయి. ఎదుగుదల ఎక్కడి నుంచి వస్తుంది?

మరి నేను నెత్తిన పెట్టుకున్న చివరి వరుస ఏమైనట్టు? "70ఎస్ అయితే బాక్టీరియా, కాబట్టి మందు పనిచేస్తుంది" అని నేను నేర్పితే, తెలివైన పిల్ల ఒకతె ఈహెచ్‌పీ రైబోసోము కొలత చూసి టెట్రాసైక్లిన్ రాసిచ్చేస్తుంది. అది కూడా తప్పే. 70 అనేది అడుక్కు దిగే వేగం మాత్రమే. మందు కూర్చునేది వేగంలో కాదు, గాడిలో. ఈహెచ్‌పీ రైబోసోము కుదించుకుపోయినా దాని ఆర్‌ఎన్‌ఏ వంశం నిజకేంద్రక జీవులదే. ఆర్కియా కథా ఇంతే.

కాబట్టి నా వాదన కాస్త దిద్దుకుంటున్నాను. చివరి వరుసను ముందుకు తేవాలన్న మాట మీద నిలబడతాను. ఆ గడిలో అంకె రాసి ఊరుకోకూడదు. ఆ అంకె వెనక ఉన్న మర ఎలా ఉంటుంది, ఏ మందు ఎక్కడ పట్టుకుంటుంది అన్నది చెప్పాలి. క్లాసులో ఆ అమ్మాయి అడిగింది ఇదే, అది 70 అయితే ఏంటి అని.

మా పెదనాన్న చెవులు

మూడోది దెబ్బ అనను. ఇంట్లో చూసింది.

మా పెదనాన్నకు చిన్న వయసులో టీబీ వచ్చింది. నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. టీబీ తగ్గింది, ఆ తర్వాత నలభై ఏళ్లు బతికాడు. వినికిడి మాత్రం పోయింది. నాకు ఊహ తెలిసేసరికే ఆయనతో ఏం చెప్పాలన్నా ఎదురుగా నిలబడి నోరు బాగా కదుపుతూ చెప్పాలి. వాన పడుతుంటే గుమ్మంలో కూర్చుని చూసేవాడు, "చప్పుడు ఎట్టుందే?" అని నన్ను అడిగేవాడు.

పట్టిక ప్రకారం ఇలా జరగకూడదు. స్ట్రెప్టోమైసిన్ పట్టుకునేది బాక్టీరియా రైబోసోమును, మనది 80ఎస్. కానీ కుడి గడిలో "మైటోకాండ్రియా ఉంటాయి" అని ఒక వరుస ఉంది చూశారా, ఆ మైటోకాండ్రియాలో దాని సొంత రైబోసోములున్నాయి, అవి బాక్టీరియా వంశంవి. ఎప్పుడో ఒక కణం లోపలికి వచ్చి ఉండిపోయిన బాక్టీరియానే మైటోకాండ్రియా అని లిన్ మార్గులిస్ 1967లో గట్టిగా వాదించింది, ఇప్పుడు అది అందరూ ఒప్పుకున్న మాట. అలా వచ్చి ఉన్న చుట్టానికి కూడా కొన్ని మందులు తగులుతాయి. లోపలి చెవిలో ధ్వనిని పట్టే కణాలు తిరిగి మొలవవు. కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి వచ్చే ఒక చిన్న మార్పు వల్ల మైటోకాండ్రియా రైబోసోము బాక్టీరియా దానికి మరీ దగ్గరగా ఉంటుందని, వాళ్లకు కొద్ది మోతాదుకే చెవులు పోతాయని 1993లో తెలిసింది. పెదనాన్నకు ఆ మార్పు ఉందో, నెలల తరబడి వేసిన మోతాదే కారణమో చూసినవాళ్లు లేరు. క్లోరాంఫెనికాల్ ఎముక మజ్జను దెబ్బతీయడంలో కూడా మైటోకాండ్రియా రైబోసోములకు పాత్ర ఉంది. ఆ మందు అవశేషం పిసరంత కనిపించినా రొయ్యల కంటెయినర్లు వెనక్కి తిప్పి పంపేది దాని ప్రమాదం తెలిసే.

ఎడమ గడికీ కుడి గడికీ మధ్య నేను గీసే ఆ నిలువు గీత మన ఒంట్లో ప్రతి కణం లోపలి నుంచి పోతుంది. పెదనాన్న ఉండగా ఇది నాకు తెలిసి ఉంటే, ఎదురుగా కూర్చుని నోరు బాగా కదుపుతూ ఆయనకు చెప్పేదాన్ని.

మార్కుల మాట

ఇదంతా మా కాలేజీలో సీనియర్ మేడమ్‌తో అన్నాను. ఆమె ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు, నాకు గురువులాంటి మనిషి. "మన దగ్గరికి వచ్చేది కూలీల పిల్లలు, వేటకు పోయేవాళ్ల పిల్లలు. వాళ్లకు ఆ పట్టిక ఒక భరోసా. గీతలు గీసి ఎనిమిది వరుసలు రాస్తే మార్కులు గ్యారంటీ. నువ్వు గాడులూ ఆర్కియా అని మొదలుపెడితే వాళ్లకు టెన్షన్ తప్ప ఏం మిగలదు" అన్నారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆ మార్కుల వల్లనే నర్సింగ్ సీటు తెచ్చుకుని ఇల్లు నిలబెట్టిన పిల్లలు నా కళ్ల ముందే ఉన్నారు. పట్టికను తీసేయమని నేను అనడం లేదు. పైనుంచి కిందికి చెప్పేదాన్ని కింది నుంచి పైకి చెప్పమంటున్నాను, అంతే. వరుసలు అవే, మార్కులు అవే. దీనికి అయ్యే ఖర్చు ఒక పీరియడ్. రొయ్యల గుంటలున్న జిల్లాలో ఆ ఒక్క పీరియడ్ ఎక్కువ కాదు.

బావ వాదన వేరు. "మందేసిన నాలుగు రోజులు మేత బాగా లాగినాయి, నేను కళ్లారా చూసినా" అంటాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. తెల్ల రెట్ట పడే గుంటల్లో ఈహెచ్‌పీతో పాటు విబ్రియో కూడా చేరి ఉండటం పరిశోధకులు చూశారు. టెట్రాసైక్లిన్ ఆ విబ్రియోను కొన్నాళ్లు అణిచి ఉంటుంది. అందుకే మేత లాగాయి, అందుకే కౌంటు మాత్రం కదల్లేదు. ఒకే గుంటలో, ఒకే రొయ్యలో, ఎడమ గడి జీవీ కుడి గడి జీవీ కలిసి కూర్చుంటే మందు ఒకదానికి తగిలి రెండోదాన్ని వదిలేసింది. పాక్షికంగా పనిచేసిన మందు అసలు పనిచేయని మందు కన్నా ఎక్కువ మోసం చేస్తుంది, మనిషి ఇంకో వారం ఇంకో వారం అని ఆశపడతాడు. చివరికి కొనేవాళ్లు అవశేషాల పరీక్ష అడిగారు. మందు ఆపి రోజులు గడిచేదాకా రొయ్యలు పట్టడం ఆపాల్సి వచ్చింది. ఆ రోజులన్నీ మేత ఖర్చు నడుస్తూనే ఉంది.

"పుస్తకంలో ఉండేది పరీక్షకు అనుకున్నా గానీ గుంటకు అనుకోలా" అని బావ ఆ తర్వాత ఒకసారి అన్నాడు. తప్పు ఆయనది కాదు. పరీక్షకు అని చెప్పింది మాలాంటి వాళ్లమే.

ఈహెచ్‌పీకి గుంటలో నమ్మి వేయదగ్గ మందు ఇప్పటికీ లేదు. రాకుండా చూసుకోవడమే దారి. బావ ఈసారి గుంటను నెర్రెలు ఇచ్చేదాకా ఎండగట్టాడు. సీడ్ కొనే ముందు ఈహెచ్‌పీకి పీసీఆర్ చేయించి, నెగెటివ్ కాగితం చూశాకే అడ్వాన్సు ఇస్తానన్నాడు. కాల్చిన సున్నం చల్లి దున్నించే ముందు రోజు రాత్రి ఫోన్ చేశాడు.

"ఇంత సున్నం ఎందుకంటా ఉండారు? ఎండకు చావదా అది?"

స్పోరు గోడ మందంగా ఉంటుందని, పొడిగా ఉన్నా మట్టిలో తట్టుకుని పడి ఉండగలదని, సున్నం వేసి తడిపితే మట్టి పీహెచ్ 12 దాకా లేవాలని చెప్పాను.

బావ కాసేపు మాట్లాడలేదు. "గోడ అంటే... దీనిది దేంతో కట్టింది? బాక్టీరియా మాదిరేనా?" అన్నాడు.

కైటిన్ అన్నాను. రొయ్య పెంకులో ఉండేది కూడా అదే అని చెప్పాను.